కొట్టేసిన పేరా

2009 వేసవిలో నేను నేపర్‌విల్‌లో మా అమ్మాయి స్రవంతి ఇంట్లో ఉన్నాను. ఆరు నెలలకని వచ్చాను. పొద్దున ఆరున్నరకల్లా అల్లుడు ఫణికుమార్ షికాగో ట్రెయిన్‌కి వెళ్ళిపోయేవాడు. ఏడున్నరకి మనవరాలు దేదీప్య స్కూల్ బస్సు. ఎనిమిదింటికి స్రవంతి కారు బయటికి పోయాక గరాజ్ తలుపు దానంతటదే కిందికి దిగేది. అది నేలకి ఆనిన చప్పుడే ఆ ఇంట్లో పొద్దుటి ఆఖరి చప్పుడు.

ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల మధ్య గొంతు చించుకున్న మనిషిని నేను. గుంటూరు జిల్లాలో ఒక గర్ల్స్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. రిటైరైన ఏడాదికే మా ఆయన పోయారు. ఇక్కడికొచ్చిన రెండో వారానికి నేను ఫ్రిజ్‌తో మాట్లాడటం మొదలుపెట్టాను. "ఏమ్మా, మళ్ళీ మొదలెట్టావా గురక?" అని ఒకరోజు గట్టిగానే అన్నాను. వెనక స్రవంతి నిలబడి ఉంది.

ఆ శనివారమే తను ఊరి పార్క్ వాళ్ళు సీజన్‌కి అద్దెకిచ్చే చిన్న మడి ఒకటి తీసుకుంది.

"గోంగూర వేసుకో అమ్మా. నీకూ టైమ్‌పాస్ అవుతుంది, మాకూ పచ్చడి దొరుకుతుంది."

ఇంటి నుంచి పది నిమిషాల నడక. ఒక పెద్ద మైదానాన్ని మేకులు, దారాలతో ముక్కలు చేసి ఇచ్చారు. నా పక్క మడి ఒక ముసలావిడది. పొట్టిగా, తలకి రుమాలు కట్టుకుని, మగవాళ్ళ చొక్కా ఒకటి మోకాళ్ళ దాకా వేసుకుని వచ్చేది. పేరు ఇలోనా. ఎనభై ఏళ్ళన్నారు. మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుందంటే గంట దాకా లేచేది కాదు.

నా ఇంగ్లీషు పుస్తకాల ఇంగ్లీషు. చదవగలను, మాట్లాడబోతే వాక్యం మధ్యలో తెలుగు అడ్డం పడుతుంది. ఆవిడ ఇంగ్లీషు కూడా ఆ దేశపు మనుషుల ఇంగ్లీషులా లేదు, నిదానంగా, ఒక్కో మాటా పట్టి పట్టి పలికేది. అందుకే కాబోలు మా ఇద్దరికీ కుదిరింది. జూన్‌లో నా గోంగూర జానెడు లేచాక ఒకరోజు వచ్చి, అడక్కుండానే ఆకు తుంచి నోట్లో వేసుకుంది. కళ్ళు చిట్లించింది.

"పులుపు," అంది. "మా అమ్మ ఇలాంటి పుల్లాకుతోనే సూప్ చేసేది. చల్లగా తాగేవాళ్ళం."

"మేం వేడన్నంలో కలుపుకుంటాం," అన్నాను.

ఆ రోజు నుంచి పొద్దున తొమ్మిదింటికి నేను వెళ్ళేసరికి ఆవిడ వచ్చి ఉండేది. నాకు గరాజ్ తలుపు చప్పుడు మీద పట్టింపు పోయింది.

సెలవులిచ్చాక దేదీప్య కూడా నాతో రావటం మొదలుపెట్టింది. పదమూడేళ్ళది. బోర్లించిన బకెట్ మీద కూర్చుని పుస్తకం చదువుకునేది. ఒకరోజు పుస్తకం మూసి, ఆవిడనే సూటిగా అడిగేసింది, మీదే ఊరు అని. హంగరీ, కార్పాతియన్ కొండల కింద చిన్న ఊరు అంది ఇలోనా.

"మాకు ఎయిత్ గ్రేడ్‌లో హోలోకాస్ట్ యూనిట్ ఉంది. ఆర్ యూ జ్యూయిష్?"

నేను "దేదీ!" అని కసిరాను. ఇలోనా చెయ్యెత్తి నన్ను ఆపింది.

"అవును. నేను నాజీల క్యాంపుకి వెళ్ళి వచ్చాను. అడుగు, నీకు తెలియాల్సిందేమిటో."

ఆ క్యాంపుల్లో ఖైదీల చేతి మీద నంబరు పచ్చబొట్టు పొడిచేవాళ్ళని చదివాను. నా కళ్ళు నాకు తెలియకుండానే ఆవిడ ఎడమ చేతి మీదికి పోయాయి. అది గమనించి చొక్కా చెయ్యి పైకి లాగి చూపించింది. ముడతలు తప్ప ఏమీ లేదు.

"నాకు నంబర్ వేయలేదు. మేం వెళ్ళిన రోజుల్లో రైలు మీద రైలు వస్తూండేది. అందరికీ వేసే తీరిక వాళ్ళకి లేదు."

అలా ఒక వారం, పది రోజులు, కాస్త కాస్తగా చెప్పింది. మధ్యలో కలుపు తీసేది, నీళ్ళు పోసేది. ఏడవలేదు. 1944 వసంతంలో ఒక తెల్లవారుజామున పోలీసులు తలుపు కొట్టారట. వాళ్ళతో పాటు ఊరివాళ్ళు ఇద్దరు, ఇంట్లోవాళ్ళ పేర్లు రాసుకోడానికి. ఆ ఇద్దరిలో ఒకావిడ ఇలోనా టీచరు.

"నాలుగేళ్ళు నాకు పాఠం చెప్పింది. ఎంత మెత్తటి గొంతో! ఆ రోజు పుస్తకంలోంచి తల ఎత్తకుండా నన్నడిగింది, 'నీ పేరు?' అని."

"మీరేం చేశారు?" అంది దేదీప్య.

"చెప్పాను. టీచర్ అడిగితే చెప్పాలి కదా."

ఊళ్ళోని యూదులందర్నీ ఇటుకల ఫ్యాక్టరీలో పెట్టారు. అక్కణ్ణుంచి పశువుల రైలు పెట్టెల్లో మూడు రోజులు. దిగింది ఆష్విట్జ్‌లో. ప్లాట్‌ఫారం మీద సామాన్లు దించుతున్న ఖైదీ ఒకడు ఆవిడ పక్కనించి పోతూ, "పదహారు అని చెప్పు, పనికి ఉంచుకుంటారు," అని గొణిగాడట. ఇలోనాకి అప్పుడు పదిహేను.

అక్కడ ఆపేసింది. దేదీప్య కుళాయి దగ్గరికి నీళ్ళకి వెళ్ళేదాకా ఆగి, అప్పుడు నాకొక్కదానికే చెప్పింది.

"అమ్మని, తమ్ముణ్ణి ఎడమ పక్కకి పంపారు. వాడికి ఏడేళ్ళు. వాడు నా కోటు పట్టుకున్నాడు. నాతోనే వస్తానన్నాడు. నేను వాడి వేళ్ళు విడదీసి, 'అమ్మ దగ్గరికి పో' అన్నాను." ఆవిడ తన చేతి వేళ్ళ వంక చూసుకుంది. "అమ్మ దగ్గర ఉంటే క్షేమం అనుకున్నాను. ఆ పక్క పోయేది గ్యాస్ గదులకని నాకు తెలియదు."

ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, "తర్వాత?" అన్నాను.

"తర్వాత నేను ఒక్కదాన్నే ఉన్నాను."

దేదీప్య రెండు చేతులా బకెట్ మోసుకుంటూ వస్తోంది. ఇలోనా లేచి ఎదురెళ్ళి ఒక పక్క పట్టుకుంది. "ఇదంతా మీ స్కూల్లో చెప్పు. నువ్వు చెప్తే నాకిష్టం," అంది దానితో.

ఆగస్టుకి గోంగూర నడుమెత్తు పెరిగింది. స్రవంతి ఒక ఆదివారం భోజనానికి ఇలోనాని పిలిచింది. నాకు సర్‌ప్రైజ్ అని ఇంకొకరిని కూడా పిలిచింది. పక్క ఊళ్ళో ఉండే కావ్యశ్రీ. పదిహేనేళ్ళ క్రితం నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల, ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం. ఎవరో స్నేహితుల ద్వారా స్రవంతికి పరిచయమైందట.

మేం వెనక డెక్ మీద భోజనాలకి కూర్చున్నాం. ఇలోనా నా పక్కన, వేడన్నంలో గోంగూర కలుపుకుని స్పూన్‌తో జాగ్రత్తగా తింటోంది. కావ్యశ్రీ పక్క గేటులోంచి వచ్చింది. స్వీట్ డబ్బా కింద పెట్టి నా కాళ్ళకి దండం పెట్టింది. లేచి నవ్వుతూ అందరి వంకా చూసింది.

"స్రవంతీ, మీ అమ్మగారిని మేమేం అనేవాళ్ళమో తెలుసా? లేడీ హిట్లర్! వరండాలో చెప్పుల చప్పుడు వినపడితే చాలు, హిట్లర్ వస్తోందే అని గప్‌చిప్. మావాళ్ళందరికీ ఇప్పటికీ మీరు హిట్లర్ టీచరే, టీచర్ గారూ!"

ఎంత ప్రేమగా అందో ఆ పిల్ల. తెలుగు రాకపోయినా ఆ పేరు తెలియడానికి ఏ భాషా అక్కర్లేదు. ఇలోనా స్పూన్ గాల్లో ఆగిపోయింది.

"ఏమంటోంది ఈ అమ్మాయి?" అని నన్నే అడిగింది.

ఫణికుమార్ మంచినీళ్ళ గ్లాసు వంక చూస్తున్నాడు. స్రవంతి మొహం పాలిపోయింది. దేదీప్య నా వంకే చూస్తోంది.

"నేను... హిట్లర్ పాఠం క్లాసులో బాగా చెప్పేదాన్నట. అది గుర్తు చేస్తోంది," అన్నాను.

ఇలోనా స్పూన్ కింద పెట్టింది. నా చేతి మీద చెయ్యి వేసింది.

"అంత దూరంలో," అంది. "అక్కడ కూడా పిల్లలకి చెప్పారన్నమాట. థాంక్యూ." ఇటుకల ఫ్యాక్టరీ గురించి చెప్పినప్పుడు కూడా తడవని ఆవిడ కళ్ళు అప్పుడు తడిశాయి.

అందరూ వెళ్ళాక దేదీప్య వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మమ్మా, నువ్వు అబద్ధం చెప్పావ్."

"దేదీ, స్టాప్ ఇట్," అంది స్రవంతి గిన్నెలు సర్దుతూ. "పెద్దావిడ హర్ట్ అవుతుందని అమ్మమ్మ అలా చెప్పింది. కావ్యశ్రీకి మాత్రం ఏం తెలుసు పాపం? మన దగ్గర స్ట్రిక్ట్‌గా ఉంటే అలా అనటం కామన్."

"షీ థాంక్‌డ్ హర్, అమ్మా." అనేసి పైకి వెళ్ళిపోయింది. మర్నాడు నాతో మడి దగ్గరికి రాలేదు. ఆ తర్వాత రోజూ రాలేదు.

నిజానికి ఆ పేరు నాకు ఇష్టం. నేను క్లాసులోకి అడుగు పెడితే సూది పడితే వినిపించే నిశ్శబ్దం, అది నాకు గర్వం. రిటైర్మెంట్ సభలో హెడ్మాస్టరు గారు మైకులో ఆ పేరు అంటే అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. కానీ స్రవంతి వాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. నన్ను నాలుగు రాత్రులు నిద్ర పోనివ్వనిది ఆ పేరు కాదు.

గురువారం పొద్దున ఒక్కదాన్నే వెళ్ళాను. ఇలోనా చిక్కుడు తీగలు కర్రలకి కడుతోంది. నేను నిలబడే, ముందే కూడగట్టుకున్న ఇంగ్లీషు మాటల్లో, కావ్యశ్రీ అన్నదేమిటో ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆవిడ ఇంకో ముడి వేసింది. "ఎందుకు ఆ పేరు?"

"కఠినంగా ఉండేదాన్ని. మా దగ్గర కఠినంగా ఉండేవాళ్ళని అలా అంటారు."

"కొట్టేదానివా?"

"కొట్టేదాన్ని. స్కేలుతో."

"అది తప్పు," అంది. "కానీ దానికీ దీనికీ పోలిక లేదు. మా టీచర్ ఎవర్నీ ఒక్క దెబ్బ కొట్టలేదు. స్కేలు పట్టుకున్న ప్రతివాళ్ళకీ ఆ పేరు పెట్టేస్తే, మాకు జరిగినదానికి ఇంక ఏ పేరు మిగులుతుంది?" అంతలోనే మెత్తబడింది. "సరేలే. పిల్లల మాట. నువ్వు మాత్రం వాళ్ళకి పాఠం చెప్పావు. నాకు అది చాలు."

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. ఆవిడ మళ్ళీ తీగల వైపు తిరిగింది కూడా.

"చెప్పలేదు," అన్నాను.

"ఏమిటి?"

"పాఠంలో మీ గురించి ఒక పేరా ఉండేది. యూదుల్ని ఏం చేశారో. యుద్ధానికి కారణాలు, ఫలితాలు పరీక్షలో వచ్చేవి. ఆ పేరా ఎప్పుడూ రాలేదు. అందుకని... 'ఇది ఇంపార్టెంట్ కాదు, పెన్సిల్‌తో కొట్టేసుకోండి' అని చెప్పేదాన్ని. పిల్లలు స్కేలు పెట్టి కొట్టేసుకునేవాళ్ళు."

ఇలోనా నా వంక తిరిగింది. ఆ చూపులో కోపమేమీ లేదు. లెక్క తెలియని పిల్ల బోర్డు వంక చూసినట్టు చూసింది.

"ఎన్ని లైన్లు?"

"ఐదు."

"ఎన్నేళ్ళు?"

"ముప్ఫై నాలుగు."

కత్తెర బకెట్‌లో వేసుకుంది. మిగిలిన దారపు ఉండ కూడా వేసుకుంది. సగం కట్టిన తీగల్ని అలాగే వదిలేసి, మడుల మధ్య దారిలో నెమ్మదిగా వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని ఆవిడ రోడ్డెక్కేదాకా చూశాను. చూడలేదు.

మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. ఆవిడ మడికి కూడా నేనే నీళ్ళు పోశాను. మిగిలిన తీగలు కట్టాను, నాకు ఆ ముడి రాక చీర పిన్నులు పెట్టాను. చిక్కుళ్ళు ముదిరి గింజ కట్టాయి. కోసి ఒక సంచిలో వేసి మడి చివర పెడితే మూడు రోజులు అక్కడే ఉంది, నాలుగో రోజు ఉడుతలు చింపేశాయి. నా చుట్టూ మిగతా మడుల వాళ్ళు చెయ్యి ఊపేవాళ్ళు. నేనూ ఊపేదాన్ని. అంతే మాట్లాడటం.

ఇంట్లో చెప్పాను. "ఎందుకు చెప్పావమ్మా అదంతా? ఆవిడేమైనా అడిగిందా?" అంది స్రవంతి బాధగా. ఆ రాత్రి దేదీప్య వచ్చి నా మంచం అంచున కూర్చుని తన పుస్తకం చదువుకుంది.

సెప్టెంబర్‌లో స్కూళ్ళు తెరిచారు. గరాజ్ తలుపు చప్పుడు మళ్ళీ వినబడటం మొదలైంది. రెండో వారంలో నేను కావ్యశ్రీకి ఫోన్ చేశాను.

"శనివారం ఒక గంట రాగలవా అమ్మా? పనుంది."

కారు తాళాలు చేతిలోనే పట్టుకుని వచ్చింది. కొడుకుని స్విమ్మింగ్ క్లాసులో దింపి వచ్చిందట.

"చెప్పండి టీచర్ గారూ, ఏమైనా కావాలా?"

"కూర్చో. నీ పదో తరగతిలో ఒక పేరా కొట్టేసుకోమన్నాను. అది ఇప్పుడు చెప్తాను."

నవ్వింది. నేను నవ్వకపోయేసరికి తాళాలు టేబుల్ మీద పెట్టి కూర్చుంది. స్రవంతి స్టవ్ కట్టేసి వచ్చింది. దేదీప్య మెట్ల మీద కూర్చుంది. నాకు కూర్చుని చెప్పటం చేతకాదు, ఫ్రిజ్ పక్కన నిలబడ్డాను.

పుస్తకంలోని ఐదు లైన్లూ చెప్పాను. కొట్టేసుకోమన్న ప్రతి ఏడూ చదివినవే కాబట్టి అవి నాకు నోటికి వచ్చు. అరవై లక్షల మందిని చంపారన్న అంకె అందులోదే. తర్వాత పుస్తకంలో లేనిది చెప్పాను. ఇటుకల ఫ్యాక్టరీ, పశువుల పెట్టెలు, పేరు తెలిసీ పేరడిగిన టీచరు, పదహారని చెప్పిన పదిహేనేళ్ళ పిల్ల. తల్లినీ ఏడేళ్ళ తమ్ముణ్ణీ ఎడమ పక్కకి పంపటం. కోటు సంగతి మాత్రం చెప్పలేదు, అది నాకొక్కదానికే చెప్పింది. ఆ రోజు మన ఇంట్లో భోజనం చేసిన ఆవిడే ఆ పిల్ల అని ఆఖర్న చెప్పాను.

కావ్యశ్రీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను ఆవిడ ముందే అన్నానా," అంది. స్విమ్మింగ్ క్లాసు టైమ్ అయిపోయి ఉంటుంది. లేవలేదు.

తర్వాత, క్లాసులో సందేహం అడిగినట్టు, మెల్లిగా అడిగింది.

"ఆ చిన్నబ్బాయి పేరేంటి టీచర్ గారూ?"

నేను నోరు తెరిచాను.

నాలుగు నెలలు పక్కపక్కన పని చేశాం. ఆవిడ మిరప విత్తనం పేరు అడిగాను. వాళ్ళమ్మ చేసే సూప్ పేరు అడిగాను. "తర్వాత?" అని కూడా అడిగాను. ఆ పిల్లాడి పేరు అడగలేదు.

"తెలియదమ్మా," అన్నాను. క్లాసులో నిలబడి నేను ఆ మాట అన్నది అదే మొదటిసారి.

ఆదివారం పొద్దున దేదీప్య నాతో వచ్చింది. ఒకసారి వాళ్ళింటికి సొరకాయ మోసిందట, ఇల్లు దానికి తెలుసు. మడుల అవతల రెండు వీధులు దాటాక చిన్న ఇటుక ఇల్లు. ముందు గడ్డి ఈ మధ్య ఎవరూ కోసినట్టు లేరు. దేదీప్యని కాలిబాట మీదే ఉండమని నేను మెట్లెక్కి బెల్ కొట్టాను.

చాలాసేపటికి లోపలి తలుపు తెరుచుకుంది. బయటి జాలీ తలుపు అలాగే ఉంది. దాని వెనక ఇలోనా, తల మీద రుమాలు లేకుండా. ఆవిడ జుట్టు నేనెప్పుడూ చూడలేదు. తెల్లగా, చిన్నపిల్లల జుట్టులా పల్చగా ఉంది. నన్ను చూసింది. క్షమాపణ కోసం వచ్చాననుకుందేమో, మొహం మూసుకుపోయినట్టు అయింది.

"ఒక్కటి అడగాలని వచ్చాను," అన్నాను. "మీ తమ్ముడి పేరేమిటి?"

ఆవిడ జాలీ మీద చెయ్యి ఆనించింది. లోపల ఎక్కడో గడియారం చప్పుడు వినిపిస్తోంది. పెదాలు రెండుసార్లు కదిలాయి. నేను వెళ్ళిపోదామా అనుకున్నాను.

"ఇమ్రే," అంది.

తర్వాత, వాడు పక్క గదిలో ఉన్నట్టు, కాస్త గట్టిగా, ఇంకోసారి పిలిచింది.

"ఇమ్రే."

జాలీ తలుపు గొళ్ళెం తీసింది.